మాణిక్యం అత్తయ్యగారి దోటీ

వేసవి వచ్చిందంటే చాలు, మా రాజమండ్రిలో కరెంటు స్తంభాలకు కాగితాలు అంటించేస్తారు. సమ్మర్ క్యాంపు అట. మట్టితో బొమ్మలు చేయిస్తారట, గాలిపటాలు ఎగరేయిస్తారట, చెట్టెక్కడం కూడా నేర్పుతారట. చెట్టెక్కడానికి ఫీజు! ఆ కాగితం కనబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. "ఇష్టమున్నవాళ్లు పంపుతారు, లేనివాళ్లు మానేస్తారు, మధ్యలో నీకెందుకు మంట?" అంటారు మావారు ప్రసన్నకుమార్. ఆయన పుట్టి పెరిగింది బజారు మధ్య మూడో అంతస్తులో. ఆయనకేం తెలుసు వేసవంటే!

నాకు తెలిసిన వేసవి పేరు మాణిక్యం అత్తయ్యగారు. అసలు పేరు రత్నమాణిక్యం. భీమవరానికి కూతవేటు దూరంలో ఉన్న రాజుల ఊరు వాళ్లది. మా నాన్న సూర్యప్రకాశం గారు ఆ ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చి, ఆదినారాయణరాజు గారి లోగిలిలో వీధివైపు వాటా అద్దెకు తీసుకున్నారు. ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోదామనుకున్నవాళ్లం నాకు పెళ్లయ్యేదాకా అక్కడే ఉండిపోయాం. చుట్టరికం ఏమీ లేకపోయినా నాకు ఆయన మావయ్యగారు, ఆవిడ అత్తయ్యగారు.

మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. బడికి సెలవులిచ్చిన మర్నాడు పొద్దున్నే ఆ గొంతు వీధంతా వినబడేది. "ఏమర్రా, ఇంకా దుప్పట్లోనే ఉన్నారా, మీ ఇల్లు బంగారంగానూ! లేవండి, లేవండి!" వీధిలో పిల్లలందరం కళ్లు నులుముకుంటూ ఆ లోగిట్లోకి పరిగెత్తేవాళ్లం. ఇంక బడి తెరిచేదాకా మేం ఆవిడ సొత్తు. మా అమ్మ సీతారామలక్ష్మి అయితే సెలవుల్లో నా జడ కూడా వేసేది కాదు, "మాణిక్యంగారు వేస్తారులే" అనేది.

ఆవిడ దగ్గర ఏ రోజు ఏం చేస్తామో ముందుగా తెలిసేది కాదు. గాలివాన వచ్చిన మర్నాడు తోటలో రాలిన మామిడికాయలు ఏరుకొచ్చేవాళ్లం. తాండ్ర పోసిన చాపల దగ్గర కాకుల్ని తోలమని కూర్చోబెడితే, కాకులు తినేదానికన్నా మేం అంచులు గీక్కుని తినేదే ఎక్కువ. ముంజలు జుర్రుకున్నాక ఆ డొల్లలకు పుల్లలు గుచ్చి బండ్లు చేసి, వీధి పొడుగునా పందేలు వేసేవాళ్లం. తాటాకు బొమ్మల పెళ్లికి మగపెళ్లివారు, ఆడపెళ్లివారు అని రెండు జట్లు కట్టించి, మగపెళ్లివారిని తప్పకుండా అలగమనేవారు. అలక తీర్చడానికి బెల్లపు పానకం. ఆవకాయ కలిపిన రోజు బేసిన్లో మిగిలిన కారంలో వేడి వేడి అన్నం వేసి, ఇంత నెయ్యి పోసి, వరసగా కూర్చోబెట్టి ముద్దలు పెట్టేవారు. ముక్కులు కారుతున్నా ఎవడూ లేచేవాడు కాదు.

సాయంత్రాలు మల్లెమొగ్గలతో పూలజడలు. ఒకసారి వాళ్లబ్బాయి వెంకటేష్ తనకీ కావాలని ఏడిస్తే, వాడికి సవరం కట్టి, పూలజడ కుట్టి, భీమవరం తీసుకెళ్లి ఫోటో తీయించారు. ఆ ఫోటో అందరికీ చూపిస్తానంటే ఇప్పటికీ నా మాట వింటాడు వెంకటేష్.

వేసవికి ఒక్కసారి నరసాపురం ప్రయాణం. రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి అవతల సఖినేటిపల్లి వైపు వెళ్లడం, దిగకుండా అదే పంటు మీద వెనక్కి వచ్చేయడం. అంతే. అవతల పనేమీ లేదు, దాటడమే పని. మేం కమ్మీల దగ్గర నిలబడి నీళ్లలోకి తొంగి చూస్తుంటే అత్తయ్యగారు పంటు సరిగ్గా మధ్యలో, ఏ స్తంభాన్నో పట్టుకుని, కళ్లు మూసుకుని ఉండేవారు. గోదారమ్మకు దణ్ణం పెట్టుకుంటున్నారనుకునేవాళ్లం. ఎంత భక్తో అనుకునేది మా అమ్మ కూడా.

ఇవన్నీ ఒక ఎత్తు, చెరువు ఒక్కటీ ఒక ఎత్తు. ఆ ఇంటి వెనక దొడ్డిలో వాళ్ల సొంత చెరువు ఉంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, ఆలోపే రాజుగారు దాన్ని నిండా నింపించేవారు. కాలవలు ఎండిపోయాక ఊళ్లో పిల్లలకు మునగడానికి మిగిలేది అదొక్కటే. అత్తయ్యగారు మాకు ఈత నేర్పింది అందులోనే.

ఎలా నేర్పేవారంటే, డొక్క ఒలవని ఎండు కొబ్బరికాయలు రెండు తీసుకుని, పీచు కాస్త లేపి, మూరెడు తాడుతో జోడు కట్టేవారు. ఆ తాడు మీద బోర్లా పడుకుంటే చంకల కింద చెరో కాయ తేలేస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక జోడు. అత్తయ్యగారు చెరువు మెట్ల మీద కూర్చుని అక్కణ్ణుంచే కేకలు. "కాళ్లాడించరా, కాళ్లు! తల అంత పైకెత్తకు! నీళ్లతో పోట్లాడకే, నీళ్ల మీద పడుకో!" చేతిలో ఎప్పుడూ పొడుగాటి దోటీ ఒకటి ఉండేది. మామిడికాయలు కోయడానికి చివర కొక్కెం కట్టిన వెదురు గెడ అది. మాట విననివాడి వీపు మీద వేయడానికే ఆ దోటీ అని మా అందరి నమ్మకం. ఒక్కసారి కూడా ఎవరినీ కొట్టలేదు, అయినా దోటీ ఇటు తిరిగితే చాలు, మాకు కాళ్లు వాటంతటవే ఆడేవి.

కాయలు వదిలేసి మెట్ల దగ్గర్నుంచి అవతలి ఒడ్డుకు దాటిన రోజు పెద్ద సంబరం. ఆ జోడులో ఒక కాయ కొట్టి బెల్లంతో అందరికీ పంచేవారు. నీళ్లలో నానీ నానీ లోపల పువ్వు వచ్చిన కాయ అయితే ఇంక కొట్లాటే. రెండో కాయను ఇంటివైపు గట్టు మీద పాతేవారు. ఆ చెట్టు ఇంక ఆ పిల్లదే. అలా గట్టు పొడుగునా మా పేర్లతో కొబ్బరిచెట్లు లేచాయి. నా చెట్టు నిటారుగా ఉంటుంది. వెంకటేష్ చెట్టు పక్కకు వంగి ఉంటుంది, వాడూ చిన్నప్పుడు అంతే, ఏ పనీ తిన్నగా చేసేవాడు కాదు. వరసలో మెట్ల పక్కన మాత్రం ఒక్క చెట్టు పట్టేంత ఖాళీ ఉండేది. అక్కడ పాతుతామంటే "అది దారికి, అది వదిలేయండి" అనేవారు అత్తయ్యగారు.

రాజుగారి పడక్కుర్చీ ఉండేది ఆ ఖాళీ వెనకే. పొద్దున్న పేపరు, సాయంత్రం చుట్ట, రెండూ చెరువు చూస్తూనే.

పెళ్లయి రాజమండ్రి వెళ్లినా, అమ్మానాన్నలు తిరిగి కోనసీమ చేరుకున్నా, ప్రతి వేసవిలోనూ నేను ఆ ఊరు వెళ్తూనే ఉన్నాను. పోయిన వేసవిలో నా కూతురు హారతిని వెంటపెట్టుకుని వెళ్లాను. మూడో తరగతి చదువుతోంది, ఇంకా ఈత రాదు. బకెట్లో నీళ్లు ఎక్కువైతేనే భయపడే పిల్ల అది. ఈసారి ఎలాగైనా దాని పేరున ఒక కాయ పాతించాలని నా పట్టుదల.

వెళ్లగానే వెంకటేష్ చెప్పాడు. వాడు ఇప్పుడు పెద్ద రొయ్యల రైతు, చుట్టూ ఉన్న పొలాలన్నీ చెరువులు చేశాడు. "మధూ, ఇంటి వెనక చెరువు కూడా ఈ నెలాఖరుకి రొయ్యలకి తయారు చేస్తున్నాం. ఇంక మందులు పడతాయి, నీళ్లలోకి గాలి చిలికే ఏరియేటర్ల రెక్కలు తిరుగుతాయి, పిల్లలు దిగడానికి ఉండదు."

"సిగ్గు లేదురా నీకు? నువ్వు ఈత నేర్చుకున్న చెరువు!" అని విరుచుకుపడ్డాను.

"నువ్వు ఏడాదికోసారి వచ్చి పోట్లాడి వెళ్లిపోతావు. మిగతా రోజులన్నీ ఇక్కడ బతకాల్సింది నేను కదా" అన్నాడు నెమ్మదిగా. "ఇంటివైపు గట్టు కదపనులే. చెట్లు ఎక్కడివక్కడే ఉంటాయి."

జవాబు లేనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. వాడి కూతురు ప్రణతి, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది, నవ్వుతూ నన్ను లోపలికి లాక్కెళ్లింది.

మర్నాడు పొద్దున్న అందరం చెరువు దగ్గరికి చేరాం. అత్తయ్యగారికి అరవై దాటి చాన్నాళ్లయింది, జుట్టు ముగ్గుబుట్టయిపోయింది. దోటీ మాత్రం చేతిలోనే ఉంది. హారతికి కొత్త జోడు కట్టి సిద్ధంగా ఉంచారు. ప్రణతి అప్పటికే నీళ్లలో దిగి "రా హారతీ, నేనున్నాగా" అని పిలుస్తోంది. హారతి మొదటి మెట్టు మీదే బిగుసుకుపోయింది.

"దిగమ్మడూ, నీళ్లు నిన్నేం చేస్తాయి?" అన్నారు అత్తయ్యగారు.

హారతి ఆవిడ వైపు తిరిగింది. "మామ్మగారూ, ముందు మీరు దిగండి. మీరు ఈత కొట్టి చూపిస్తే అప్పుడు నేను దిగుతాను."

నాకు నవ్వొచ్చింది. "వెర్రిమొహమా, ఆవిడకే చెప్తున్నావా? ఈ ఊరందరికీ ఈత నేర్పింది ఆవిడే" అన్నాను.

అత్తయ్యగారు నవ్వలేదు. దోటీ ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నారు. తర్వాత హారతితోనే అన్నారు, నాతో కాదు.

"నాకు ఈత రాదమ్మడూ."

పడక్కుర్చీలో పేపరు దిగింది. "ఏంటీ?" అన్నారు రాజుగారు. "నీకు ఈత రాదా?"

"రాదండి."

"అదేంటి మాణిక్యం! మీ పుట్టింటి గుమ్మంలోనే కాలవ కదా?"

"గుమ్మంలో కాలవ ఉంటే సరిపోయిందా? గుమ్మం దాటనిస్తేగా!"

నేను నోరెళ్లబెట్టాను. ఒక కాపురం మొత్తం అయిపోవచ్చింది, ఆయనకు తెలియదు. కాలవ ఒడ్డు పిల్ల కాబట్టి ఈత వచ్చే ఉంటుందని ఆయన అనుకున్నారు. ఆయనకు తెలిసే ఉంటుందని ఆవిడ అనుకున్నారు. ఆ రోజుల్లో రాజుల ఇళ్లలో ఘోషా. ఆడపిల్ల ఊరు దాటాలన్నా బండికి తెరలు కట్టాల్సిందే. ఇంక కాలవలో ఈతేమిటి?

"మరి మాకెలా నేర్పారు?" అని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

"తణుకు దగ్గర కదా మా ఊరు. మా అన్నయ్యలకి రాముడని పాలేరు కాలవలో ఈత నేర్పేవాడు. మేడ మీద కిటికీకి వట్టివేళ్ల తడికలుండేవి. ఆ సందులోంచి రోజూ చూసేదాన్ని. 'నీళ్లతో పోట్లాడకండి బాబూ, నీళ్ల మీద పడుకోండి' అనేవాడు రాముడు. అదంతా కంఠతా వచ్చేసింది. పాఠం వచ్చింది, ఈతే రాలేదు. ఈ ఇంటికొచ్చాక ఏడాదేడాదీ పిల్లలు కాలవలో మునిగి పోతున్నారని వింటుండేదాన్ని. కళ్లెదురుగా చెరువుంది, నోట్లో పాఠం ఉంది, ఊరికే కూర్చోలేకపోయాను. నాకొచ్చా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెబితే మీరు దిగుతారా?"

"మరి ఎవరైనా మునిగితే?"

"అందుకే కదా ఇది" అని ఒళ్లో దోటీ మీద చెయ్యి వేశారు.

మమ్మల్ని బెదిరించడానికి కాదు ఆ దోటీ. దూకలేని మనిషి పట్టుకుని కూర్చున్న ధైర్యం అది. పంటు మీద మూసుకున్న కళ్లు కూడా అప్పుడే గుర్తొచ్చాయి.

హారతికి ఇవేవీ పట్టలేదు. గట్టు మీద చెట్లు చూస్తోంది. రాత్రే దానికి ఏ చెట్టు ఎవరిదో అన్నీ చెప్పాను. "మరి మీ చెట్టు ఏదండీ?" అని అడిగింది.

అత్తయ్యగారు మెట్ల పక్కన ఖాళీ చూపించారు. "అక్కడ."

"అది దారికి కదా అత్తయ్యగారూ!" అన్నాను.

"దారికి మెట్లున్నాయి కదే. అది నాకోసమే ఉంచుకున్నాను. వయసులో ఉన్నప్పుడు అందరూ ఏమంటారోనని దిగలేదు. తర్వాత నవ్వుతారేమోనని దిగలేదు. ప్రతి ఏడూ వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవడమే. ఇప్పుడు చెరువే పోతోంది. పోనీ నీళ్లొచ్చాక కాలవలో దిగుదామా అంటే, ఊరంతా గట్టున నిలబడి చూస్తారు, నా వల్ల కాదు." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఒక్కసారి ఇక్కణ్ణుంచి అక్కడికి దాటాలని ఉందే మధూ. ఒక్కసారి. చాలా ఉంది."

హారతే మాట్లాడింది. "అయితే మనిద్దరం కలిసి నేర్చుకుందామండి. మీకు భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి."

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "మోకాళ్ల నొప్పులు, జలుబు, ఈ వయసులో..." అని ఏదో మొదలుపెట్టారు.

"ఏవండీ" అన్నారు అత్తయ్యగారు, "మీరు కుర్చీ అటు తిప్పుకోండి."

"నేనెందుకు?"

"మీరు చూస్తుంటే నేను దిగలేను."

ఆయన లేచి, కుర్చీని పశువులశాల వైపు తిప్పుకుని, మళ్లీ పేపరు తెరిచారు.

మరి ఏం కట్టుకుని దిగాలి? చీరైతే కాళ్లకు చుట్టుకుంటుంది. కోడలు మంజుష తన చుడీదార్ ఒకటి కుట్లు విప్పి తెచ్చింది. అది వేసుకుని దొడ్డి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు అత్తయ్యగారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. ప్రణతి ఫోన్ బయటికి తీసింది. నేను ఒక్క చూపు చూశాను, ఫోన్ లోపలికి వెళ్లిపోయింది. "చాలా బావున్నారు మామ్మగారూ" అంది హారతి. "ఏడ్చినట్టుంది, పద" అన్నారావిడ, మొహం మాత్రం వెలిగిపోయింది.

ఆ వేసవి నేను చూసిన తమాషా ఇంకెవరూ చూసి ఉండరు. చెరువులో రెండు కొబ్బరికాయల జోళ్లు. ఒకదాని మీద నా కూతురు, ఒకదాని మీద మా అందరి గురువు. పక్కన నడుము లోతు నీళ్లలో ప్రణతి. మొదటి రోజు అత్తయ్యగారు మెట్టు వదలలేదు. రెండో రోజు వదిలి, ఓరి నాయనో అని అరిచి, మళ్లీ పట్టుకున్నారు. హారతి ఆవిడ పాఠం ఆవిడకే అప్పజెప్పేది. "కాళ్లాడించండి మామ్మగారూ, కాళ్లు! తల అంత పైకెత్తకండి! నీళ్లతో పోట్లాడకండి!"

"నోర్ముయ్యి భడవా, నాకే చెప్తావా?" అని అరిచేవారు, నీళ్లు మింగి దగ్గుతూ.

గట్టు మీద పశువులశాల వైపు తిరిగిన కుర్చీలోంచి "ఏమైంది?" అని వినబడేది. "ఏమీ కాలేదు, మీ పేపరు మీరు చదువుకోండి" అని నీళ్లలోంచి జవాబు. కాసేపాగి మళ్లీ "ఏమైంది?" పాపం, ఆయన పేపరు చదివింది లేదు. చుట్ట ఆరిపోయినా వెలిగించుకునేవారు కాదు. కానీ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. రాజుగారి మాటంటే మాటే.

మధ్యాహ్నాలు ముంజలు తింటూ, పొద్దున్న ఎవరు ఎన్ని నీళ్లు మింగారో అని ఈత నేర్చుకునేవాళ్లిద్దరూ దెబ్బలాడుకునేవారు. సాయంత్రం హారతికి పూలజడ వేస్తూ అత్తయ్యగారు రాముడి పాఠాలు చెబుతుండేవారు. నేను అరుగు మీద పడుకుని వింటుంటే, నా వయసు ఎటుపోయిందో తెలియలేదు. అమ్మ వీధి వాటాలోంచి అన్నానికి పిలుస్తుందేమో అని చూశాను కూడా. ఆ వాటాలో ఇప్పుడు రొయ్యల మేత బస్తాలు పెట్టుకున్నారు.

హారతి ముందు గట్టెక్కేసింది. ఒకరోజు కాయలు వదిలేసి, కుక్కపిల్లలా మూతి పైకెత్తుకుని, అవతలి ఒడ్డు దాటేసింది. నేను చెరువు చుట్టూ పరిగెత్తి దాన్ని ఎత్తుకుని తిప్పాను. కానీ దాని కాయ పాతనివ్వలేదు. "మామ్మగారివీ నావీ ఒకేరోజు" అని కూర్చుంది.

అత్తయ్యగారి తంటా అల్లా కాయలు వదలడం దగ్గరే. జోడు మీద చెరువంతా తిరిగేస్తున్నారు. మెట్ల దగ్గర కాయలు లేకుండా నాలుగు బారలు వేసి వెనక్కి వచ్చేస్తున్నారు. చెరువు మధ్యకు వెళ్లేసరికి ఏదో అయిపోతోంది. "చేతులు కదులుతున్నాయే, మనసు కదలట్లేదు" అనేవారు.

నెలాఖరు వచ్చేసింది. వెంకటేష్ నీళ్లు తోడే ఇంజను తెచ్చి అవతలి ఒడ్డున దింపించాడు, మర్నాడు పొద్దున్నే మొదలు. ఆ సాయంత్రం వాడే వచ్చి తల్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "అమ్మా, కావాలంటే ఇంకో వారం ఆగుతానే. ఏం మునిగిపోదు."

నేను ఆశగా చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"వద్దు నాన్నా. ఇంకో వారం అంటే ఇంకో వారం భయపడతాను. అంతే తేడా." అని లేచి, జోడు తాడు విప్పి, రెండు కాయలూ హారతి చేతిలో పెట్టారు. దోటీ నా చేతికిచ్చారు. "కూర్చో, నా చోట కూర్చో" అన్నారు.

దిగారు. ప్రణతి పక్కన కొంచెం ఎడంగా ఈదుతోంది, ముట్టుకోకూడదని ముందే ఒట్టు వేయించుకున్నారు. మొదటి బారలు బాగానే పడ్డాయి. నేను మెట్టు మీద కూర్చుని, దోటీ రెండు చేతులతో పట్టుకుని, నీళ్ల మీదికి చాపి చూశాను.

దోటీ సగం దూరం కూడా అందదు.

అన్ని వేసవులు ఇక్కడే కూర్చుని ఆవిడకు ఇది తెలుసు. మేం నవ్వుకుంటూ, ఒకళ్లనొకళ్లు ముంచుకుంటూ మధ్యకు వెళ్లిపోతుంటే, ఈ గెడ మాకు అందదని తెలిసి, దూకలేనని తెలిసి, ఇదే మెట్టు మీద కూర్చుని కేకలేసింది ఈ మనిషి. ఆ కేకలు కోపం కాదు, భయం. ఒట్టి భయం. ఒక్క వేసవి కూడా మానలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అరిచాను. "కాళ్లు అత్తయ్యగారూ, కాళ్లాడించండి! తల పైకెత్తకండి!"

మధ్యకు వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. గడ్డం నీళ్లలోకి దిగింది. ప్రణతి దగ్గరికి జరగబోయింది, ఆవిడ కళ్లతోనే వద్దన్నారు. వెంకటేష్ చొక్కా విప్పేశాడు.

"ఏమైంది?" అన్నారు రాజుగారు, పశువులశాల వైపు చూస్తూనే. "మధూ, ఏమైందమ్మా?" ఆయన చేతులు కుర్చీ పట్టెల మీద బిగుసుకున్నాయి.

హారతి రెండు కొబ్బరికాయలూ పొట్టకు హత్తుకుని నీళ్ల అంచున నిలబడి, గొంతు చిరిగేలా అరిచింది. "పడుకోండి మామ్మగారూ! నీళ్ల మీద పడుకోండి!"

అత్తయ్యగారు పడుకున్నారు. తల నీళ్లకు ఆనించి, వెల్లకిలా, కళ్లు తెరుచుకునే. కాసేపు అలా ఉండిపోయారు. నీళ్లు ఆవిణ్ణి మోశాయి. తర్వాత మెల్లగా బోర్లా తిరిగి, ఒక బార, ఇంకో బార. అవతలి గట్టు మట్టి చేతికి తగిలింది.

ఇంజను పక్కన గడ్డి పట్టుకుని పైకెక్కి నిలబడ్డారు. మంజుష చుడీదార్ ఒంటికి అతుక్కుపోయి, జుట్టు మొహం మీద పడిపోయి, రొప్పుతున్నారు. ఆ మొహంలో నేను ఎన్నడూ చూడని పిల్ల ఒకతి ఉంది. మేం అరవడానికి నోళ్లు తెరిచాం కానీ ఆవిడ గొంతే ముందు వచ్చింది. వీధంతా వినబడే ఆ పాత గొంతు.

"ఏవండీ! కుర్చీ ఇటు తిప్పండి!"

రాజుగారు కుర్చీ తిప్పలేదు. లేచి, ఆయనే తిరిగారు. చెరువు అవతల తడిసి నిలబడ్డ భార్యను చాలాసేపు చూశారు. భుజం మీది తువ్వాలు తీసి, చెప్పులు కూడా వేసుకోకుండా, గట్టు మీద చెట్ల పక్కనుంచి గబగబా నడుచుకుంటూ అవతలికి వెళ్లారు. దగ్గరికి వెళ్లి ఏమంటారో అని అందరం చెవులు రిక్కించాం.

"తల తుడుచుకో మాణిక్యం, జలుబు చేస్తుంది" అన్నారు. తువ్వాలు ఆవిడకివ్వడం మర్చిపోయి, ఆయన కళ్లే తుడుచుకున్నారు.

"మధూ, ఆ దోటీ ఇంక మామిడికాయలకి వాడుకోండే" అని అరిచారావిడ.

హారతి కాయ వరస చివర పాతాం. అత్తయ్యగారి కాయ మెట్ల పక్కన ఖాళీలో రాజుగారే గొయ్యి తీసి పాతారు, పాలేర్లను ముట్టుకోనివ్వలేదు. మిగిలిన రెండు కాయలూ కొట్టి బెల్లంతో తిన్నాం. హారతి కాయలో పువ్వు వచ్చింది, దానికోసం నేనూ వెంకటేష్ దెబ్బలాడుకున్నాం.

ఇప్పుడు ఆ చెరువులో రొయ్యలున్నాయి. ఏరియేటర్ల రెక్కలు తిరిగే చప్పుడు ఇంట్లోకి వినబడుతుందట. మొన్న ప్రణతి ఫోటో పంపింది, మెట్ల పక్కన కాయ మొలకెత్తి రెండాకులు వేసింది. ఆ పక్కనే రాజుగారి పడక్కుర్చీ. మాణిక్యం అత్తయ్యగారి మొక్కకు ఎండ తగలకుండా కుర్చీని కాస్త జరిపారట కానీ, అది మాత్రం చెరువు వైపే ఉంది.